జరిపిన చుక్క

ఇస్త్రీ ఆవిడ పొద్దున్నే చేతిలో బట్టల మూట లేకుండా గుమ్మం ఎక్కడం చూసి పాపాయి తల్లి గుండె గుభేలుమంది. పాపాయి ఎక్కే బస్సు వంతెన మలుపులో ఎప్పటికైనా బోల్తా పడుతుందని ఆమె నమ్మకం. పాపాయికి ఇరవై ఏడేళ్లు. నాలుగేళ్లుగా అదే బస్సులో ఆఫీసుకు వెళ్తోంది. ఇంతవరకూ ఆ బస్సు ఒక కోడిపిల్లనైనా తొక్కలేదు. అయినా తల్లి నమ్మకం తల్లిదే.

"ఏమైంది వదినా? బస్సేనా?" అంటూ కుట్టు మిషను ముందు నుంచి లేచింది. ఒళ్లో ఉన్న గుడ్డ సంచులన్నీ కింద పడ్డాయి.

"బస్సేంటి వదినా! నా ఇల్లు," అంది ఇస్త్రీ ఆవిడ గడప మీద కూలబడుతూ. "నిన్న నలుగురొచ్చి ఇంటి చుట్టూ మేకులు కొట్టి పోయారు. నా ఇంటి కింద పాత ఊరుందంట. వేల ఏళ్ల నాటిదంట. తవ్వుతారంట. శనివారానికి ఖాళీ చెయ్యాలంట."

బస్సు కాదని తెలియగానే తల్లికి ప్రాణం కుదుటపడింది. వెంటనే అలా కుదుటపడినందుకు సిగ్గేసింది. కింద పడిన సంచులు ఏరుతున్నట్టు వంగింది. తవ్వకాల్లో దొరికే కుండ పెంకులు వేసి దాచే సంచులవి. పాత ఊళ్లను వెతికే ఒక పరిశోధన సంస్థలో పాపాయి కంప్యూటరు మీద మ్యాపులు చేస్తుంది. ఆ సంస్థకే తల్లి ఇంట్లో కూర్చుని ఈ సంచులు కుట్టి ఇస్తుంది.

"ఎవరు వాళ్లు? మా పాపాయి ఆఫీసు వాళ్లా?"

"కాదంట. ఎక్కడో పెద్ద సంస్థంట. మీ పాపాయి వాళ్లు పంపిన మ్యాపు చూసి వచ్చామన్నారు. నా ఇంటి మీద ఎర్ర చుక్కుందంట." ఇస్త్రీ ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంటికి కాగితం ఉందా అన్నారు. ఇల్లుంది గానీ కాగితం ఎక్కడిది? నా ఇంటి కింద ఏముంటుంది వదినా, నేను పోసిన బొగ్గుల బూడిద తప్ప! కాపురానికొచ్చినప్పటి నుంచీ పోస్తున్నా. కావాలంటే అది పట్టుకెళ్లమను, నేనే ఎత్తి పెడతా."

తల్లి నవ్వబోయి ఆగింది.

"మంచం మీద మా అత్తను పెట్టుకుని నేనెక్కడికి పోను? నీ కూతుర్ని ఓ మాట అడుగు. అదే కదా ఆ చుక్కలు పెట్టేది!"

అదే కదా పెట్టేది. ఆ మాట తల్లి మనసులో ముల్లులా దిగింది. ఆ పొద్దంతా ఆమె కుట్టిన సంచుల్లో మూడింటికి తాడు దూర్చే మడత తిరగబడి వచ్చింది.

సాయంత్రం పాపాయి చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. "అమ్మా, ఇవాళ మళ్లీ మూడుసార్లు ఫోన్ చేశావ్. మీటింగులో ఉన్నా."

"ఎత్తకపోతే నేనేమనుకోవాలి?"

"మీటింగులో ఉందనుకోవాలి."

"ఇస్త్రీ ఆవిడ ఇంటి మీద చుక్క పెట్టావంటనే?"

జడ విప్పుకుంటున్న పాపాయి చేతులు ఆగిపోయాయి. తర్వాత సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి మంచం మీద తెరిచి, తల్లిని పక్కన కూర్చోమంది. తెర మీద వీధి వీధంతా పై నుంచి కనిపించింది. తల్లి కళ్లజోడు సవరించుకుంది. తమ నీళ్ల తొట్టి కనిపించింది. పక్కన ఆరేసిన దుప్పటి కూడా కనిపించింది.

"ఇదేంటే! మన ఇల్లు ఇలా అందరికీ కనిపిస్తుందా? దొంగలు చూస్తే?"

"మన తొట్టి కోసం ఎవరూ రారులే." పాపాయి వేలితో తెరను జరిపింది. రేకుల కప్పు ఒకటి వచ్చింది. దాని మీద ఎర్రగా, గుండ్రంగా చుక్క. "అక్కడేమీ లేదమ్మా."

"ఏమీ లేకపోతే చుక్కెందుకు పెట్టావ్?"

"నేను పెట్టలేదు, కంప్యూటరు వేసింది. మేం కనిపెట్టిన అసలు చోటు వేరే ఉంది. అది డైరెక్టరు గారికీ నాకూ తెలుసు, అంతే. బయటి సంస్థలకి పంపే కాపీలో ప్రతి చుక్కనీ కంప్యూటరే కళ్లు మూసుకుని కాస్త పక్కకి విసురుతుంది. ఆ మ్యాపు దొంగల చేతిలో పడినా అసలు చోటు దొరక్కుండా. అందరూ చేసేదే. కింద 'ఇవి సుమారు చోట్లు మాత్రమే' అని ఓ ముక్క రాస్తాం."

"మరి వీళ్లకి రాయలేదా?"

"రాశాను. డైరెక్టరు గారు తీసెయ్యమన్నారు."

"ఎందుకే?"

"వాళ్ల దగ్గర డబ్బుంది, మనుషులున్నారు. ఆ ముక్క చూస్తే చుట్టుపక్కలంతా వెతికి, మాకంటే ముందు తవ్వి పేరు కొట్టేస్తారు. ఇదే అసలు చోటనుకుంటే వచ్చి, ఇళ్లున్నాయని చూసి పోతారనుకున్నాం." పాపాయి గొంతు తగ్గింది. "ఇల్లు తీయించేదాకా వస్తారని ఎవరనుకున్నారు?"

"చెప్పెయ్యవే తల్లీ. పొరపాటయిందని చెప్పెయ్. ఆవిడ నీకు స్కూలు గౌన్లు ఇస్త్రీ చేసి పెట్టిన మనిషి."

"చెప్తే?" పాపాయి ల్యాప్‌టాప్ మూసేసింది. "ఆ ముక్క తీసింది నా చెయ్యి. కంప్యూటర్లో నా పేరుతో లోపలికెళ్లి తీశాను. డైరెక్టరు గారు నోటితో అన్నారు, ఎక్కడా రాయలేదు. రేపు ఎవరైనా అడిగితే ఈ అమ్మాయి తప్పంటారు. సోమవారం నా ఉద్యోగం పర్మనెంటు చేస్తూ సంతకం పెడుతున్నారు. ఆ సంతకం పెట్టేది ఆయనే. నాలుగేళ్లమ్మా! ఏడాదికోసారి ఉంచుతారో తీస్తారో అని చూసి చూసి నాకు..." మాట మింగేసింది. "నువ్వు రోజూ ఉత్తినే భయపడతావు కదా. ఇవాళ నిజంగా భయపడు. కానీ నోరు మాత్రం విప్పకు."

తల్లికి కూతురు ఏదో బల్ల ముందు తలొంచుకుని నిలబడినట్టూ, ఎవరో గట్టిగా ఏదో చదువుతున్నట్టూ కళ్ల ముందు కదిలింది. అన్నం పెడుతూ కూతురి ముఖమే చూసింది. పాపాయి తలెత్తి చూసి, మళ్లీ తలొంచుకుని తినేసింది.

మర్నాడు సంచులు అప్పజెప్పడానికి తల్లే సంస్థకు వెళ్లింది. డైరెక్టరు గారు పొడుగు బల్ల దగ్గర నిలబడి చిన్న కుంచెతో కుండ పెంకు మీద మట్టి దులుపుతున్నారు. ఎంత నెమ్మదిగా దులుపుతున్నారంటే, పసిపిల్ల ముఖం తుడుస్తున్నట్టుంది. ఇంత మెత్తని చేతి మనిషికి చెబితే వింటాడనిపించింది ఆమెకు.

ఆయన ఒక సంచి తీసి తాడు లాగి చూశారు. "మీ కుట్టు తెగదమ్మా. మీ అమ్మాయి పనీ అంతే. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది."

దారంతా కూర్చుకున్న వాక్యం సగమే బయటికొచ్చింది. "అయ్యా, ఆ ఇస్త్రీ ఆవిడ ఇల్లు..." అంది, అంతే.

కుంచె ఆగింది. ఆయన ఆమె వైపు చూశారు. ఎంత తెలుసో కొలుస్తున్న చూపు. "విన్నాను. బాధే మరి. అయితే అది మన తవ్వకం కాదు కదమ్మా, వాళ్లది. మనం చెప్పగలిగేది ఏముంటుంది?" మళ్లీ దులపడం మొదలుపెట్టారు. "ఒక పని చేద్దాం. మన వెనకాల పలుగూ పారా పెట్టే షెడ్డుంది చూశారా? సోమవారం నుంచి ఆవిడని అందులో ఉండమనండి. ఇస్త్రీ బల్ల పట్టదూ?"

"పడుతుందండీ," అంది తల్లి గబగబా. "మంచం కూడా పడుతుందండీ."

"మరింకేం! పాపాయిని నాకు ఓసారి గుర్తు చెయ్యమనండి."

వచ్చేటప్పుడు ఆమె నడక తేలికయింది. ఒక మనిషికి నీడ ఇప్పించాననుకుంది. ఇస్త్రీ ఆవిడ ఆ మాట విని బొగ్గుల పెట్టె పక్కన పెట్టి, వేడెక్కిన రెండు చేతుల్తో ఆమె చెయ్యి పట్టుకుంది. "వదినా, నువ్వు దేవతవి కాదు గానీ, దేవత ఇంటి పక్కింటి దానివి," అంది కళ్లు తుడుచుకుంటూ. తల్లి చెయ్యి లాక్కుంది. కాలిందనుకుని ఇస్త్రీ ఆవిడ నొచ్చుకుంది.

శుక్రవారం మేకుల మధ్య దారాలు కట్టడానికి అవతలి సంస్థ వాళ్లు వచ్చారు. తవ్వే ముందు నేలను గళ్లు గళ్లుగా విడదీస్తారట. ఇస్త్రీ ఆవిడ ఇంటి ముందు బల్ల మీద ఇంకా ఎవరివో చొక్కాలు చేస్తూనే ఉంది. ఇవ్వాల్సిన బట్టలు ఇచ్చాకే సామాను సర్దుతానంది. తల్లి లోపల గిన్నెలు గోనెసంచిలోకి ఎత్తుతోంది.

దారం కిటికీలోంచి లోపలికి వచ్చింది. వెనక గోడలో రంధ్రం చేసి ఆ చివర లాగారు. అది సరిగ్గా మంచం మీద నుంచి, పడుకున్న అత్తగారి ఛాతీకి జానెడు ఎత్తున సాగింది. దారం పట్టుకున్న కుర్రాళ్లు మర్యాదస్తులే. "మామ్మగారూ, కాస్త కదలకండి," అన్నారు.

ముసలామెకు చూపు ఆనదు. దారాన్ని వేళ్లతో తడిమి చూసింది. "ఎవరి బట్టలు ఆరేస్తున్నారే ఇంట్లో? వానొస్తోందా?"

కుర్రాళ్లు ఫక్కున నవ్వారు. బయట నుంచి ఇస్త్రీ ఆవిడా నవ్వేసింది. "ఆఁ అత్తా, వానే! నీ మీద కారకుండా తాడు కట్టారు!"

తల్లి మాత్రం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముసలామె దారాన్ని వదల్లేదు. పసివాళ్లు పట్టుకున్నట్టు గుప్పిట్లో బిగించింది. కొలత తప్పుతోందని ఒక కుర్రాడు ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విప్పాడు.

ఆ రాత్రి తల్లి లెక్కలన్నీ ఒకే చోటికి చేరాయి. తవ్వుతారు. ఏమీ దొరకదు. అప్పుడు అడుగుతారు, ఇక్కడ చుక్క పెట్టిందెవరని. అంత డబ్బు మట్టిలో పోశాక ఊరుకుంటారా? అప్పుడు పాపాయి ఉద్యోగం కాదు, బతుకే పోతుంది. తవ్వక ముందే ఆపితే ఆవిడ ఇల్లూ నిలుస్తుంది, పాపాయి తలా నిలుస్తుంది. పేరు చెప్పకుండా ఒక్క మాట చెబితే చాలు. పేరెందుకు చెప్పాలి?

శనివారం పాపాయి ఆఫీసుకు వెళ్లగానే, అవతలి సంస్థ ప్రొఫెసరు దిగిన మేడ గదికి మెట్లెక్కింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని నారింజ పండు ఒలుచుకుంటున్నాడు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"బాబూ, ఆ ఇంటి కింద ఏమీ లేదు. ఆ చుక్క అసలు చోటు కాదు. జరిపారు."

తొక్క ఒలిచే వేళ్లు ఆగాయి. "ఎవరు చెప్పారమ్మా?"

"అది అడక్కు బాబూ. మంచం పట్టిన ముసలావిడ ఉంది ఆ ఇంట్లో. అన్యాయంగా..."

ఆయన ఒక తొన నోట్లో పెట్టుకుని, గింజ అరచేతిలోకి తీసి, కాగితం మీద పెట్టాడు. "మాకు తెలుసమ్మా."

ఆమెకు వినపడలేదనుకున్నాడేమో, మళ్లీ చెప్పాడు. "జరిపి ఉంటారని మాకు తెలుసు. మేం వాళ్లకి పంపే మ్యాపులోనూ ఒక్క చుక్కా ఉండాల్సిన చోట ఉండదు. ఎవరి జాగ్రత్త వాళ్లది."

"తెలిసీ తవ్వుతారా?"

"అనుమతి ఆ చుక్కకి వచ్చింది. డబ్బు ఆ చుక్కకి వచ్చింది. ఈ ఏడు తవ్వకపోతే వెనక్కి పోతుంది, మళ్లీ అడిగితే ఇవ్వరు. తవ్వుతాం, ఏమీ దొరకలేదని రాస్తాం. ఫలానా చోట ఏమీ లేదని తేల్చడం కూడా పరిశోధనేనమ్మా. దానికీ విలువుంది."

"అలాగైతే పక్కన ఖాళీ స్థలముంది కదా బాబూ. అక్కడ తవ్వి, ఏమీ లేదని రాసుకోకూడదూ?"

ఆయన ఆ మాటను నిజంగానే ఆలోచించాడు. తల అడ్డంగా ఊపాడు. "చుక్క ఇంటి మీద ఉందమ్మా."

ఆమె వెనక్కి తిరిగింది. మెట్ల దాకా వచ్చాక ఆయన గొంతు వెనకాల వినిపించింది. కోపం లేదు, ఎగతాళీ లేదు.

"జరిపారని ఇప్పటిదాకా మా ఊహే. మీరు వచ్చి ఖాయం చేశారు, సంతోషం. అవతల మ్యాపు చేసే అమ్మాయి ఈ వైపే ఎక్కడో ఉంటుందట కదా? మీరు వాళ్లమ్మగారా?"

"కాదు బాబూ. కాదు." రెండోసారి అనకుండా ఉండాల్సిందని మెట్లు దిగుతుండగా తోచింది.

ఆమె తిరిగి వచ్చేసరికి ఇస్త్రీ ఆవిడ ఇంటి రేకులు దింపేశారు. కప్పు లేని గోడల మధ్య, మంచం ఉన్న చోట నేల నాలుగు కోళ్ల మచ్చలతో నల్లగా కనిపించింది. కొలిచే కుర్రాళ్లు ఆ మచ్చల పక్కనే గొడుగు పాతుకుని కూర్చున్నారు. ముసలామెను మంచంతో సహా నలుగురు మోసుకొచ్చి పాపాయి వాళ్ల వరండాలో దించారు. సోమవారం షెడ్డు తాళం ఇచ్చేదాకా ఇక్కడే అని తల్లే ముందు రోజు మాట ఇచ్చింది.

సాయంత్రం పాపాయి ఆఫీసు నుంచి వచ్చి, వరండాలో మంచం చుట్టూ తిరిగి లోపలికి వచ్చింది. ముఖం వెలుగుతోంది. "కాగితం టైపయింది అమ్మా. నేను చూశాను. సోమవారం సంతకమే తరువాయి." తల్లి అన్నం వడ్డించింది. రెండు ముద్దలు తిన్నదో లేదో ఫోన్ మోగింది. పాపాయి పేరు చూసి, ఎడం చేత్తో ఎత్తి, లేచి నిలబడింది.

"చెప్పండి సార్... ఆ ప్రొఫెసరు గదికా?... ఎవరో ఆడమనిషా?" కాసేపు వింది. "మా అమ్మా?"

ఫోన్ ఛాతీకి అదుముకుంది. "అమ్మా. ఇవాళ ఎక్కడికైనా వెళ్లావా?"

"ఎక్కడికీ వెళ్లలేదే," అంది తల్లి. "పొద్దుటి నుంచీ మిషను మీదే ఉన్నా."

పాపాయి తల్లి ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు తను అబద్ధమాడితే తల్లి ఎలా చూసేదో అలాగే, కదలకుండా, చివరిదాకా చూసింది. తల్లి కూడా చూపు తిప్పుకోలేదు. తర్వాత పాపాయి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. ఆమె గొంతు మామూలుగా, ఆఫీసు గొంతులాగే ఉంది.

"లేదు సార్. మా అమ్మ గడప దాటలేదు. ఆ ఇస్త్రీ ఆవిడే అయ్యుంటుంది... ఆవిడకేం తెలుసు సార్, చీకట్లో రాయి విసిరి ఉంటుంది. ఇల్లు పోతుంటే ఎవరైనా ఏదో ఒకటి అంటారు కదా... అవును సార్. మీరు అంత మంచిగా షెడ్డు ఇస్తానంటే... అర్థమైంది సార్. ఇంక షెడ్డు మాట ఎత్తను... లేదు సార్, సోమవారం పెందలాడే వస్తాను."

ఫోన్ పెట్టేసి కూర్చుంది. తల్లి నీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపింది. పాపాయి పళ్లెంలోది మొత్తం తినేసింది. ముద్ద ముద్దకీ తల్లి చూస్తూనే ఉంది. తింటోంది. బాగానే తింటోంది. కూతురు గండం గడిచిందని ఆమె లోపల ఏదో మెల్లగా సర్దుకుంది. అలా సర్దుకోవడం ఆమెకు స్పష్టంగా తెలిసింది.

రెండు పళ్లేల్లో అన్నం పెట్టుకుని వరండాలోకి తెచ్చింది. ఇస్త్రీ ఆవిడ మంచం పట్టె మీద కూర్చుని అత్తగారి జుట్టు చిక్కు తీస్తోంది. పక్కనే మూట, దాని మీద బొగ్గుల పెట్టె.

"ఫోన్లో మీ డైరెక్టరు గారేనా వదినా? షెడ్డు సంగతేనా?"

"కాదు. ఆఫీసు పని."

"పెద్ద మనిషి, మాట మీద నిలబడే మనిషిలా ఉన్నాడు." ఇస్త్రీ ఆవిడ పళ్లెం అందుకుంది. ముందు అత్తకి ఒక ముద్ద పెట్టి, తర్వాత తలెత్తింది. "సోమవారం మన పాపాయికి సంతకం రోజు కదూ! నలిగిన చీరతో పోతుందా ఏంటి, నేను ఇంట్లో ఉండగా? ఇటివ్వు, కుచ్చిళ్లతో సహా చేసి పెడతా. ఎలాగూ నిద్ర పట్టదు, చేతులకి పనన్నా ఉంటుంది. కట్టుకోబోయే చీర ఏదీ?"

"వద్దులే వదినా, అలిసిపోయావు."

"నువ్వు చేసినదాని ముందు ఇదెంత!"

తల్లి గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడింది. లోపల పాపాయి పళ్లెం కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తర్వాత ఆమె లోపలికి వెళ్లింది. బీరువా తెరిచి, నీలం చీర తీసి, దులిపి, మడత పెట్టి తెచ్చి ఇస్త్రీ ఆవిడ చేతుల్లో పెట్టింది.